పసుల పోలిగాడి పేరు

ఎవరైనా నన్ను ఒక పేరుకు అర్థం అడిగితే, చెప్పే ముందు అడిగినవాళ్ళ ముఖం చూస్తాను. చిన్నప్పుడు పడిన అలవాటు, ఇక పోదు. మొన్న మా మనవరాలు కరెంటు తీగ మీద వాలిన నల్ల పిట్టను చూపించి, "అవ్వా, దాన్ని పసుల పోలిగాడు అని ఎందుకంటారు?" అని అడిగింది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "నిన్ను ఎవరు అడగమన్నారు?" బడిలో అడిగారట. అది నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నాకు అక్షరాలు వచ్చింది తల నెరిసిన తర్వాత. పలక మీద అ ఆలు దిద్దేనాటికే చేతులు కాయలు కాసి ఉన్నాయి, అందుకే నా రాత ఇప్పటికీ పెద్దపెద్దగా, వంకరగా ఉంటుంది. చదువుకున్నవాళ్ళు ఈ పిట్ట పేరు గురించి ఇంకోలా రాసి ఉండవచ్చు. నేను విన్నదీ చూసిందీ రాస్తాను.

తెలియనివాళ్ళ కోసం ముందు పిట్ట సంగతి. నిగనిగలాడే నలుపు. తోక చివర చీలి, కత్తెర నోరు తెరిచినట్టు ఉంటుంది. గొడ్ల వీపుల మీద ఎక్కి తిరుగుతుంది. గొడ్డు అడుగు వేసినప్పుడు గడ్డిలోంచి లేచే మిడతను గాలిలోనే పట్టుకుని, మళ్ళీ వచ్చి అదే వీపు మీద వాలుతుంది. ఉండేది గుప్పెడే గానీ కాకినీ గద్దనూ తరిమి కొడుతుంది. తెల్లవారుజామున, మిగతా పిట్టలు నోరు తెరవకముందే, పాట ఎత్తుకునేది అదే. అమ్మ ఆ పాట విని లేచి తిరగలి ముందు కూర్చునేది.

మా పల్లె మార్కాపురం నుంచి పెద్దదోర్నాలకు పోయే దారికి కొంచెం లోపలగా ఉండేది. అప్పుడు మా తాలూకా కర్నూలు జిల్లాలోది. పైన మద్రాసు, ఆ పైన దొరలు. మాకు మాత్రం అన్నిటికీ పైన ఊరి పెద్ద ఆసామి. నాయన ఊరి మంద కాసేవాడు. పొద్దున్నే ఇంటింటి గొడ్లూ ఊరి బయట బయలుకు చేరేవి. అన్నీ వచ్చినా నాయన వెంటనే తోలేవాడు కాదు. పోలిగాడు వచ్చి ఏదో ఒక గొడ్డు వీపు మీద వాలాలి. అది వాలాకే కర్ర ఎత్తేవాడు. మా ఇంట్లో తాతల నాటి నుంచి అదే పద్ధతి. పొద్దెక్కుతుంటే ఆసాములు కేకలు వేసేవారు.

"ఏరా, నీ పెద్దకాపరి ఇంకా రాలేదా?"

"వస్తాడయ్యా. ఆయన మందను చూసుకోందే నేను తోలితే ఊరుకోడు."

కాపరులకు ఇంకో పద్ధతి ఉండేది. మందలో గొడ్డు అడవిలో చచ్చిపోతే దాని కొమ్మో, చెవో, మెడలోని గంటో తెచ్చి ఆసామి గడప ముందు పెట్టాలి. పెడితే చచ్చినట్టు. పెట్టకపోతే కాపరి అమ్ముకున్నట్టు. ఈ రెండిటికీ మధ్యన ఇంకో మాట ఉండేది కాదు.

నా చిన్నతనంలో ఒక ఏడు తొలకరి పడే రోజుల్లో పెద్ద ఆసామి ఆవు కనిపించకుండా పోయింది. నిండు చూడి ఆవు, నుదుట తెల్లచుక్క. పొద్దున మందతో పోయింది, సాయంత్రం మందతో రాలేదు. నాయన వాగులు వెతికాడు, కొండ అంచు వెతికాడు. కొమ్ము దొరకలేదు, గంట దొరకలేదు, గద్దలు దిగిన జాడ కూడా లేదు.

పెద్ద ఆసామి నాయనను ఒక్క మాట అనలేదు. "దొరుకుతుందిలేరా, యాడికి పోతుంది" అని లోపలికి పోయాడట. నాయన ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పగానే అమ్మ ముఖం వాడిపోయింది.

"తిట్టినాడా?" అంది.

"లేదు."

"కొట్టబోయినాడా?"

"లేదంటి గదా."

"అయితే మనసులో ఖాయం చేసుకున్నాడు."

అమ్మ అన్నది నిజమే అని రెండు రోజుల్లోనే తెలిసింది. ఊళ్ళో గొడ్డు చస్తే తోలు మా వాడవాళ్ళది అనేది పాత ఆచారం. కాబట్టి ఏ గొడ్డుకు ఏమైనా ఊరు ముందు మా వాడ వైపు తిరిగి ముక్కు ఎగబీల్చేది. తలారి ఊరికే మా ఇళ్ళ వెనక నుంచి నడవడం మొదలుపెట్టాడు. తోళ్ళు ఊరబెట్టే తొట్టి దగ్గర ఆగి, కర్రతో కెలికి చూశాడు. మా వాడవాళ్ళు కూడా మారారు. పక్కింటి అత్త నిప్పు కోసమని చిప్ప పట్టుకుని వచ్చి, పొయ్యి దగ్గర వంగి, నిప్పు సంగతి మరిచిపోయి చట్టి వైపు చూసింది.

అమ్మ మూత తీసి ఆమె ముందు పెట్టింది. "చూడత్తా, బాగా చూడు. గోంగూర. కావాలంటే అడుగుదాకా కలిపి చూపిస్తా."

"నేనేమన్నానమ్మా!"

"నువ్వేమీ అనలేదు. ఎవరూ ఏమీ అనడంలా."

ఆ దినాల్లో అమ్మ కోడిని కూడా కోయలేదు. వాసన వస్తే ఏ మాంసమో ఎవరికి తెలుస్తుంది? ఆదివారం ప్రార్థనలో ఉపదేశి తప్పిపోయిన గొర్రె సంగతి ఎత్తుకున్నాడు. ఆయన మంచివాడే, మమ్మల్ని ఉద్దేశించి ఉండడు. కానీ చాప మీద కూర్చున్నవాళ్ళ తలలన్నీ మెల్లగా మా వైపు తిరిగాయి. నాయన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఇంటికి వస్తూ అమ్మ, "ఈయనకు ఈ వారం వేరే సంగతే దొరకలేదా" అంది.

ఆవు దొరకకపోతే మంద పోతుంది. మంద పోతే మాకు కళ్ళంలో జొన్నలు కొలిచేవాళ్ళు లేరు. అంతకంటే ముందు, నాయనను మార్కాపురం ఠాణాకు పంపుతారు. అక్కడికి పోయి వచ్చినవాళ్ళ వీపులు మా వాడలో అందరికీ తెలుసు.

సరిగ్గా అప్పుడే ఆ మనిషి వచ్చాడు.

ఖాకీ నిక్కరు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు, మెడలో దుర్భిణి. దొర కాదు, మన మనిషే, కానీ మాట కింది జిల్లాల మాట. పెద్ద ఆసామి ఇంట్లో దిగాడు. పొద్దుట చేల గట్ల మీద నిలబడి దుర్భిణి కళ్ళకు పెట్టుకుని కొండ వైపు చూసేవాడు. ఒకసారి మా వాడ వైపు తిప్పాడు. అమ్మ నన్ను రెక్క పట్టుకుని లోపలికి లాగింది.

రెండో రోజు పొద్దున్నే, నాయన ఇంకా మందకు పోకముందే, మా వాడకే వచ్చాడు. పిట్టల పేర్లు తెలుసుకుంటున్నానని చెప్పాడు. మా పిల్లలం చుట్టూ మూగాం. పిచ్చుక అడిగాడు, చెప్పాం. గోరింక అడిగాడు, చెప్పాం. అప్పుడు మా దొడ్డి గుంజ మీద కూర్చుని తోక ఆడిస్తున్న పిట్టను చూపించి, "పసుల పోలిగాడు అనేది దీన్నేనా? పోలిగాడు అంటే ఎవరు? పసుల కాపరా? ఏం చేశాడని ఆ పేరు పెట్టారు?" అన్నాడు.

మా మేనమామ గుడిసె ముందు తాడు పేనుతున్నాడు. ఆయన చేతులు ఆగిపోయాయి. ఆవు పోయి ఊరంతా గుసగుసలాడుతున్నప్పుడు, పెద్ద ఆసామి ఇంట్లో తిని వచ్చిన ఖాకీ మనిషి, పసుల కాపరి ఏం చేశాడని అడుగుతున్నాడు!

"అది పోలిగాడు కాదయ్యా" అన్నాడు మామ. "కాకిపిల్ల."

ఆయన దుర్భిణి ఎత్తి చూశాడు. "తోక చీలి ఉందే?"

"మా ఊరి కాకులకు అంతే."

"కాకిపిల్ల ఇంత బాగా పాడుతుందా?"

"పిల్లప్పుడు పాడతాదయ్యా. పెద్దయినాంక గొంతు చెడిపోతాది."

మేము నోరు మూసుకుని నవ్వు ఆపుకుంటున్నాం. ఆ కాకిపిల్ల అప్పుడే లేచి, పెంట మీద తిరుగుతున్న అసలు కాకిని వీధి చివరిదాకా తరిమి వచ్చి, మళ్ళీ గుంజ మీద కూర్చుంది. ఆయన దుర్భిణి దించి మా అవ్వ దగ్గరికి నడిచాడు. నాయనను కన్న తల్లి ఆమె. చేటలో ఉలవలు చెరుగుతోంది. ఆయన గొంతుక్కూర్చుని, "మామ్మగారూ, మీరు చెప్పండి" అన్నాడు.

అవ్వను పుట్టినప్పటి నుంచి ఎవరూ గారు అనలేదు. ఆమె చేట దించి మామ వైపు చూసింది. ఆ చూపుకు అర్థం నాకు కూడా తెలిసింది: గారు అన్నాడంటే ఏందో ఉండాది.

"నాకేం తెలుసు నాయనా. ముసిల్దాన్ని."

"పెద్ద ఆసామిగారింట్లో చెప్పారులెండి. పోలిగాడు అనే జీతగాడు ఆవును దొంగతనంగా అమ్ముకున్నాడట. ఆవు ఉసురు తగిలి నల్లపిట్ట అయ్యాడట. గొడ్ల మీద తిరుగుతాడు గానీ ఒక్కటీ తనది కాదట. అంతేనా?"

మామ దగ్గాడు. నోరు మూసుకో అని దాని అర్థం. కానీ అవ్వ ముఖం ఎర్రబడింది.

"పోలిగాడు అని వాళ్ళు పెట్టినారు. ఆయన పేరు పోలయ్య. ఆయన దొంగ కాదు" అంది. ఇక ఆగలేదు. "ఆసామి ఆవు పోయింది. నువ్వే అమ్ముకున్నావురా అన్నాడు ఆసామి. ఆవు దొరికిందాకా ఊళ్ళో అడుగు పెట్టనని పోలయ్య అడివి ఎక్కినాడు. తిరిగి తిరిగి కాళ్ళు అరిగిపోయినాయి. కాళ్ళు పోతే రెక్కలిమ్మని మొక్కుకున్నాడు. అందుకే పిట్టయినాడు. ఇప్పటికీ ఒక్కో గొడ్డు వీపు మీదా వాలి, ఇదేనా ఆ ఆవు, ఇదేనా ఆ ఆవు అని చూసుకుంటాడు. మనిషి పోయి పిట్టయినా, చూడు, వాళ్ళు గాడు మాత్రం తీసేయలా."

ఆయన తల ఊపాడు. "మరి ఆవు ఎటు పోయిందంటారు?"

"చూడి ఆవు గదా. కొన్ని ఆవులకు ఈనే పొద్దుకు పుట్టిన చోటు మీద మనసు పోతాది. అది యాడ పుట్టిందో పోలయ్యకు తెలీదు. ఆసామిని అడగాల. దొంగవి అన్నోడి కాడికి పోయి ఏమని అడుగుతాడు?"

"నిజమే. ఈ ఊళ్ళో కూడా ఒక ఆవు పోయిందటగా. నిన్న భోజనాల దగ్గర ఆసామిగారు బాధపడ్డారు. దోర్నాల అవతల ఏదో గూడెంలో పెయ్యగా ఉన్నప్పుడు కొన్నారట." అని లేచి, నిక్కరు దులుపుకుని, అవ్వకు దండం పెట్టి పోయాడు.

అవ్వ మళ్ళీ చేట ఎత్తుకుంది. నాయన గోడ అవతల నుంచి అంతా విన్నాడు. ఆ ఆవు ఎక్కడిదో ఆయనకు ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు. ఆసాములు గొడ్డును కొని మందలో కలుపుతారు, కాపరికి ఎందుకు చెబుతారు?

పొద్దు వాలుతుండగా ఇంటి ముందు పంచాయితీ మొదలైంది.

"అది ఎర బావా" అన్నాడు మామ. "పిట్ట పేరు కోసం ఇంత దూరం ఎవడన్నా వస్తాడా? ఆ గూడెం మాట నీ చెవిలో పడాలని పడేసి పోయినాడు. నువ్వు నేరుగా ఆడికి పోయి ఆవును పట్టుకొస్తే, యాడ దాచినాడో వానికే తెలుసు అంటారు."

"పోకపోతే?"

"పోకపోతే ఇంకా ఏమీ తేలలా."

"అది ఈని ఉంటాది. అడివిలో ఈనితే దూడను పులి ఉంచుతాదా?" అన్నాడు నాయన. అందరం తన మెడకు ఏమవుతుందో చూస్తుంటే, ఆయన దూడ గురించి ఆలోచిస్తున్నాడు. అమ్మ తల కొట్టుకుంది.

నాయన వాడలో ఒక్కొక్క ఇంటి ముందూ నిలబడి సాక్షిగా రమ్మని అడిగాడు. ఒకరికి కాలు నొప్పి. ఒకరికి చేలో పని. పక్కింటి అత్త మొగుడు నిజం చెప్పాడు: "నీతో వస్తే నేను సాక్షిని కాదన్నా, జతగాణ్ణి అవుతా." మామ వస్తానన్నాడు గానీ మందను ఎవరు కాయాలి? మంద ఒక్కరోజు ఆగినా అదీ తప్పే.

తెల్లవారాక నాయన ఊరి మధ్యగా, అందరూ చూసేటట్టు నడిచి, పెద్ద ఆసామి గడప దగ్గర ఆగి చెప్పాడు. నేను సద్ది మూట పట్టుకుని వెనకే ఉన్నాను.

"అయ్యా, దోర్నాల అవతల గూడెం దాకా పోయి చూసొస్తా. ఆవు ఆడికి పోయి ఉంటాదేమో."

"అది ఆడ కొన్నానని నీకెవరు చెప్పినారు?"

"మీ ఇంట్లో దిగినాయన."

"ఆయన పిట్టల కోసం గదరా వచ్చింది. తెల్లారకముందే శ్రీశైలం బండి ఎక్కి పోయినాడు." ఆసామి నవ్వాడు. "పో, చూసిరా. నీకు తెలీని దోవ ఉంటాదా!"

నాయన గూడేనికి పోయిన రోజుల్లో మామ వెంట నేనూ మందకు పోయాను. పొద్దున బయలులో గొడ్లు చేరాక, పోలిగాడి కోసం నిలబడ్డాం. వచ్చి ఒక ఎద్దు మీద వాలాడు. ఎగిరి ఇంకో ఆవు మీద, మళ్ళీ ఇంకోదాని మీద. అంతకు ముందు నేను ఆ పిట్టను ముద్దుగా చూసేదాన్ని. ఆ రోజు దాని ఎర్రటి కంటినే చూస్తూ ఉన్నాను. ఇది వెతుకుతోందా, లేక దొరకలేదని నటిస్తోందా? అవ్వ చెప్పింది నిజమో, ఆసామి ఇంట్లో చెప్పింది నిజమో దాన్ని చూస్తే తెలియలేదు. రెండు కథలకూ అది అలాగే వాలుతుంది, అలాగే ఎగురుతుంది.

నాయన ఒక సాయంత్రం వచ్చాడు. ముందు నుదుట తెల్లచుక్క ఆవు, దాని వెనక నాయన, నాయన మెడ చుట్టూ కాళ్ళు వేలాడేసుకుని దూడ. ఆవు గూడెం కంచె పక్కనే ఈనిందట. అక్కడివాళ్ళు పాత గొడ్డును గుర్తుపట్టి, లోపల కట్టి మేత వేశారట. అమ్మ దేవుణ్ణి తలుచుకుని కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను వాగు దగ్గరి నుంచి ఊరిదాకా వాళ్ళ పక్కన పరిగెత్తాను. ఊరి మొగదలకు వచ్చేసరికి ఎక్కడి నుంచో ఒక పోలిగాడు వచ్చి ఆవు వీపు మీద కూర్చున్నాడు.

రచ్చ మీద కూర్చున్న ఒకాయన కేక వేశాడు: "రాండ్రా చూడండి, దొంగలిద్దరూ కలిసి వచ్చినారు!"

నవ్వులు. నాయన కూడా సగం నవ్వాడు, అది వట్టి ఎగతాళి అనుకుని. పెద్ద ఆసామి బయటికి వచ్చి ఆవు పొదుగు చూశాడు, దూడ నోరు తెరిచి చూశాడు. తర్వాత నాయన వైపు తిరిగాడు.

"దుర్భిణి పెట్టుకొని ఒకడు వచ్చినాంక గదరా నీకు దోవ కనపడింది!"

"లేదయ్యా. గూడెమోళ్ళనే అడగండి. ఈనేటప్పుడు వాళ్ళే చూసినారు."

"అడుగుతాంలే. ఆ గూడెమోళ్ళతో నీకు ఎన్నాళ్ళ జత?"

నాయన దూడను కింద దించాడు. దాని కాళ్ళు ఇంకా సరిగా నిలబడలేదు. దాన్ని పొదుగు దగ్గరికి తోసి, భుజం మీది తడి తుడుచుకుని ఇంటికి వచ్చేశాడు. ఠాణాకు పంపలేదు. ఆవు దొరికింది గదా, ఇంకేముంది అని పెద్ద మనసుతో వదిలేశామని ఊరంతా చెప్పుకున్నారు. చేయని దొంగతనానికి క్షమాపణ దొరికితే దాన్ని వద్దనడానికి కూడా ఉండదు. మా వాడలో కూడా ఎవరూ నాయనను అడగలేదు. పక్కింటి అత్త నిప్పుకు రావడం మొదలుపెట్టింది, అంతే.

ఆ పంట ఇంటికి వచ్చాక మందను ఇంకొకరికి అప్పజెప్పారు. కారణం ఏమీ చెప్పలేదు. నాయన మార్కాపురం దగ్గర పలక గనుల్లో రాయి తీసే పనికి పోయాడు. వారానికి ఒకసారి ఒళ్ళంతా బూడిద రంగు పొడితో వచ్చేవాడు. కొత్త కాపరి పిట్ట కోసం ఆగేవాడు కాదు. గొడ్లు చేరగానే తోలేసేవాడు. పోలిగాడు ఖాళీ బయలుకు వచ్చి, గుంజ మీద కాసేపు కూర్చుని, మంద పోయిన దిక్కుకు ఎగిరిపోయేవాడు.

ఆ దుర్భిణి మనిషి ఎవరో మాకు ఎన్నటికీ తెలియలేదు. పోలీసు అని మామ చచ్చేదాకా అన్నాడు. నిజంగానే పిట్టల పేర్ల కోసం వచ్చిన అమాయకుడేమో అని నాకు ఒక్కోసారి అనిపిస్తుంది. అలా అనుకోవడం నాకు ఇంకా కష్టం.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం అవ్వ నా తలలో పేలు చూస్తూ ఉంటే అడిగాను. "అవ్వా, పోలయ్యకు ఆవు దొరకనే లేదు గదా?"

"దొరికింది" అంది అవ్వ.

నేను తల తిప్పబోతే నొక్కి పట్టుకుంది. "నువ్వు దొరకలేదని చెప్పితివే?" అన్నాను.

"అప్పుడు నాకు తెలీదు. దొరికింది. దొరికినాంక ఊరి మొగదల దాకా తోలుకొచ్చినాడు. ఆడ నిలబడి ఆలోచన చేసినాడు. తెచ్చినా దొంగే, తేకపోయినా దొంగే. ఆవును ఇంటికి తోలేసి, ఆయన మాత్రం చెట్టెక్కినాడు."

"మరి గొడ్ల వీపుల మీద ఎందుకు వాలతాడు? ఎవరి కోసం చూస్తాడు?"

"చూసేదేం లేదు. కాపరులు మాట్లాడుకుంటా ఉంటారు గదా. తన గురించి ఇంకా ఏమనుకుంటా ఉండారో వినేదానికి."

మొన్న మనవరాలికి ఈ మూడు కథలూ చెప్పాను. ఆసామి ఇంటిది, అవ్వ మొదటిది, అవ్వ రెండోది. అది గడ్డం కింద చేయి పెట్టుకుని విన్నది. మర్నాడు సాయంత్రం బడి నుంచి రాగానే గుమ్మంలోనే ఆపి, ఏది చెప్పావని అడిగాను.

"అన్నీ చెప్తే పెద్దగా అవుతుందవ్వా. నల్లగా ఉంటుంది, పసుల మీద వాలుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది అని చెప్పినాను."

"టీచరు ఇంకేమన్నా అడిగిందా?"

"లేదు. కూర్చో అనింది."

మంచిపని చేసింది అనుకుని, దానికి అన్నం పెట్టాను.